చెరువుతో పాటు వచ్చిన కుక్క

ఈ సంగతి సర్వీసులో ఉండగా పై అధికారులకు పలుమార్లు రాశాను. మండల సమావేశంలో లేచి చెప్పాను. రిటైరయ్యాక పత్రికలకు పంపాను. ఎక్కడి నుంచీ సమాధానం రాలేదు. అందుకే ఇక్కడ మొదటి నుంచి చెబుతున్నాను.

2004లో నన్ను గుడివాడ నుంచి ముదినేపల్లి వైపు ఒక పల్లెలోని పశువైద్యశాలకు బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. అంటే డాక్టరునే. హోదాలో అసిస్టెంట్ అన్న మాట ఉన్నందువల్ల కాంపౌండర్ అనుకునేవారు కొందరు. అప్పటికే అక్కడి వరి పొలాలు చాలావరకు చేపల చెరువులయ్యాయి. చెరువు గలవారు ఊళ్ళో ఉండరు, లీజుకిస్తారు. లీజు మారినప్పుడు మోటారు, మేత పడవ, కాపలా పాక కొత్తవారికి అప్పజెప్పడం ఆనవాయితీ. వాటితో పాటు గట్టు మీద కట్టేసిన కుక్కనూ అప్పజెప్పేవారు.

చేపల దొంగలకు నాటు కుక్కలు చాలవని విజయవాడ నుంచి రాట్‌వైలర్, డాబర్‌మన్ పిల్లల్ని తెచ్చేవారు. రాట్‌వైలర్ బరువైన జాతి, దవడ బలం ఎక్కువ. చిన్నప్పటి నుంచి మనుషుల మధ్య, ఒకే చేతి కింద పెరిగితే చెప్పిన మాట వింటుంది. ఇక్కడ దాన్ని పగలంతా గొలుసుతో కట్టి, చచ్చిన చేపలు పడేసి, చీకటి పడ్డాక వదిలేవారు. లీజు మారితే తిండి పెట్టే మనిషీ మారిపోయేవాడు. అలా చేతులు మారిన కుక్కకు ఎవరి మాట వినాలో తెలియదు. రేబిస్ టీకాకు తీసుకురమ్మని ఎన్నిసార్లు చెప్పినా ఒక్కరూ తెచ్చేవారు కాదు.

మరుసటి వేసవిలో మరియమ్మ ఆసుపత్రికి వచ్చింది. గేదె పాలు అమ్ముకుని బతికే మనిషి, నాకు బాగా తెలుసు. కుడి చేతికి పాత గుడ్డ చుట్టుకుని ఉంది. గేదెకేమైందని అడిగాను.

“గేదె బానే ఉందండి. ఈసారి నాకేనండి. కుక్క కరిస్తే కుక్కల డాక్టరు గారి దగ్గరికే కదండీ రావాలి?”

గట్టు మీద గడ్డి కోస్తుంటే గొలుసు ఊడిన రాట్‌వైలర్ మీద పడిందట. గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీళ్ళతో చాలాసేపు కడిగించి, ఆమెను గుడివాడ పెద్దాసుపత్రికి పంపాను. మిగిలిన పని నాది. కరిచిన కుక్కను పది రోజులు కట్టేసి గమనించాలి. ఆ గడువు దాటాక కూడా అది ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాటికి దాని లాలాజలంలో రేబిస్ లేదని అర్థం. కుక్క మాయమైతే ఆ సంగతి ఎప్పటికీ తేలదు.

చెరువు దగ్గరికి వెళ్ళాను. కాపలాదారు తాను జీతగాణ్ణని, ఆసామిని అడగమని అన్నాడు. ఆసామి అంటే లీజుదారు, గుడివాడలో ఉంటాడు. ఫోన్ చేస్తే, కుక్క చెరువుతో పాటు వచ్చిందని, తాను కొన్నది కాదని చెప్పాడు. చెరువు గలాయనది మచిలీపట్నం. అక్కడికీ వెళ్ళాను. ఆయన నన్ను గుమ్మంలోనే నిలబెట్టి, కూర్చోమని కూడా అనకుండా, “నేను లీజుకిచ్చింది నీళ్ళండీ, కుక్కని కాదు” అని తలుపు వేసుకున్నారు.

పోలీసు స్టేషన్‌లో ఎస్సై గారు కేసు ఎవరి మీద రాయమంటారని అడిగారు. జంతువును అజాగ్రత్తగా ఉంచినవారి మీద ఒక సెక్షన్ ఉంది. అందులో కొన్నవాడని లేదు, స్వాధీనంలో ఉంచుకున్నవాడని ఉంది. ఆ మాటే చెప్పాను. “మీరు పశువుల డాక్టరా, ప్లీడరా?” అని ఆయన నవ్వారు. పక్కనున్న కానిస్టేబుల్ కూడా నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే మరియమ్మ కబురు చేసింది. కుక్కను దివిసీమలోని రొయ్యల చెరువుకు తరలించడానికి లీజుదారు స్వయంగా వ్యాను తెచ్చాడట. మత్తు ఇంజెక్షన్, మూతికి కట్టే తోలు బుట్ట తీసుకుని వెళ్ళాను. గట్టు మీద కూలీలు, పక్క చెరువుల వాళ్ళు పోగయ్యారు. అందరూ వినేలా, ఇది ఎవరిదీ కాదని నిన్న ముగ్గురూ చెప్పారు కాబట్టి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్తున్నానని, మళ్ళీ ఇక్కడికి రాదని చెప్పి, సిరంజిలోకి మందు ఎక్కించడం మొదలుపెట్టాను.

లీజుదారు అడ్డం వచ్చాడు. “ఎట్టా తీసుకెళ్తారండీ? చేపల పట్టుబడి దగ్గర పడుతుంటే మా కుక్కని మీరు తీసుకెళ్తే చెరువుకి కాపలా ఎవరండీ?”

గట్టు కింద నుంచి మరియమ్మ, “దొరికాడండీ దానికి అయ్య” అంది. కూలీలు నవ్వారు. ఆ ఒక్కసారే నవ్వు నా మీద కాదు.

మీ కుక్కే అయితే ఇక్కడే కట్టేయండి, రోజూ వచ్చి చూస్తానన్నాను. అంతమందిలో అన్న మాట వెనక్కి తీసుకోలేక కట్టేశాడు. గడువంతా రోజూ వెళ్ళి చూశాను. కుక్క బాగానే ఉంది. మరియమ్మకు రేబిస్ భయం పోయింది. అయితే రెండు వేళ్ళు ముడుచుకోవడం లేదు. పాలు పిండలేక గేదెను అమ్మేసింది. పట్టుబడి రోజున లీజుదారు బుట్టెడు చేపలు పంపాడు. ఆమె తిప్పి పంపింది. మా కుక్క అని గట్టు మీద అన్నది వట్టి నోటిమాటేనని ఎస్సై గారు కేసు రాయలేదు. మరుసటి ఏడు లీజు మారింది. మోటారు, పడవ, పాకతో పాటు ఆ కుక్కనూ కొత్తవారికి అప్పజెప్పారు.

నేను కోరింది చిన్న విషయం. ఇలాంటి జాతి కుక్కను ఉంచుకునేవారి పేరు పంచాయతీలో నమోదు కావాలి. టీకా, గట్టి గొలుసు, మూతి బుట్ట తప్పనిసరి కావాలి. చెరువు చేతులు మారితే ఆ పేరూ మారాలి. మండల సమావేశంలో ఇది చెబితే, కుర్చీలో ఉన్న పెద్దమనిషి కుక్కకు పట్టాదారు పాసుపుస్తకం ఇప్పించమంటారా అని అడిగారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇంకా గుర్తుంది.

ఇప్పుడు ఏ జాతిని నిషేధించాలన్న చర్చ నడుస్తోంది. నా సర్వీసులో నేను తెలుసుకున్నది ఇది. కాటు ఎంత లోతుగా దిగుతుందన్నది జాతిని బట్టి ఉంటుంది. కాటు పడుతుందా లేదా అన్నది మాత్రం గొలుసు ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. జాబితాలు మీరు రాసుకోండి, నాకు అభ్యంతరం లేదు. ముందు నా పాత ఉత్తరాలకు జవాబివ్వండి. ఈ రోజు ఆ గట్ల మీద కుక్క కరిస్తే, మరియమ్మ లాంటి మనిషి ఎవరి గుమ్మంలో నిలబడి అడగాలి? శాఖ పేరు వద్దు, మనిషి పేరు చెప్పండి.