నాన్న జైలు ఉద్యోగం

మా నాన్న జాలరి ఇంట్లో పుట్టి జైలు వార్డరయ్యాడు. సిబ్బంది పిల్లల కాలేజీ ఫీజు డిపార్టుమెంటే కడుతుందని ఎవరో చెబితే, పడవ చిన్నాన్నకి అప్పగించి పరీక్ష రాశాడు. అప్పటికి నేను చిన్నపిల్లని. అమ్మ పూర్ణా మార్కెట్‌లో చేపలమ్మేది. "నా కూతురు సేపల గంప ఎత్తకూడదు" అన్నాడట అమ్మతో.

నేను ఫార్మసీ రెండో ఏడాదిలో ఉండగా, ఆయన డ్యూటీలో ఉన్న బ్యారక్‌లో ఒక కుర్ర ఖైదీ లుంగీ చింపి తాడు పేనుకుని ఉరేసుకున్నాడు. నాన్నే ఆ తాడు కోసి దించాడు. అప్పటికే ప్రాణం లేదు. ఇంటికొచ్చి కుళాయి కింద చేతులు కడుగుతూనే ఉండిపోయాడు. చివరికి అమ్మే వచ్చి కుళాయి కట్టేసింది.

"నానింక ఎల్లనే," అన్నాడు అమ్మతో. "మా అమ్మకోపాలి ఫోన్ సేయించండని పొద్దున్న ఆ కుర్రోడు అడిగేడు. రేపు సూద్దాం అన్నాను."

మర్నాడు ఉద్యోగం మానేస్తానని పై అధికారికి చెప్పాడు. ఆయన కోప్పడలేదు. "మానేస్తే పాప ఫీజు ఆగిపోతుంది. చదువయ్యేదాకా ఓర్చుకో," అన్నాడు.

నేనే చదువు మానేసి ద్వారకా నగర్‌లో మందుల షాపులో చేరతానన్నాను. నాన్న నా మీద అరవడం అదే మొదటిసారి. "నువ్వు మానేత్తే నానెందుకెల్లినట్టే అక్కడికి?"

తెల్లారి ఆయన యూనిఫాం వేసుకున్నాడు. నేను కాలేజీకి వెళ్ళాను. ఆ తర్వాత ఇంట్లో ఆయన మాట వినబడడమే తగ్గిపోయింది. టీవీ పెట్టుకుని సౌండు తీసేసి కూర్చునేవాడు.

నాకు ఉద్యోగం రాగానే రాజీనామా ఇచ్చేశాడు. మర్నాడు తెల్లవారుజామున ఎంతో హుషారుగా చిన్నాన్నతో వేటకెళ్ళాడు. ఎండెక్కకముందే పడవ తిరిగొచ్చేసింది.

"అన్నయ్య వల తాడు ముట్టుకోలేపోనాడొదినా," అన్నాడు చిన్నాన్న, అమ్మని పక్కకి పిలిచి. "ఆ కుర్రోడ్ని తలుసుకుని ఒకటే ఏడుపు."

నాన్న మళ్ళీ పడవెక్కలేదు.

మొన్న టిఫిన్ తింటూ అడిగేశాను. "నాన్నా, నా ఫీజే లేకపోతే ఆరోజే మానేసేవాడివి కదా?"

లేదంటాడనుకున్నాను. నా కోసమైనా అబద్ధం చెబుతాడనుకున్నాను.

"మానేద్దును," అన్నాడు. నా ప్లేటు ముందుకి జరిపి, "తినమ్మా, సల్లారిపోతంది," అన్నాడు.

టిఫిన్ అలాగే వదిలేసి డ్యూటీకి బయల్దేరాను. మద్దిలపాలెం దాకా బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే వెళ్ళాను.