సబ్బు రాయని కమాను

వయొలిన్ కమానుకు సబ్బు రాస్తే శబ్దం రాదు. దాని వెంట్రుకలు తీగల మీద జారిపోతాయి, చూసేవాళ్లకు మాత్రం వాయిస్తున్నట్టే ఉంటుంది. కాకినాడ చర్చిలో నాకు వయొలిన్ నేర్పిన మాస్టారు ఈ విద్య నేర్పలేదు. దుబాయ్‌లో మా ముదీర్, అంటే మేనేజరు, నేర్పబోయాడు.

కరోనా తగ్గి హోటళ్లలో పెళ్లిళ్లు మళ్లీ మొదలైన రోజులవి. అంతకుముందు మాది పెద్ద ఆర్కెస్ట్రా. చాలామంది తమ దేశాలకు వెళ్లిపోయి తిరిగి రాలేదు. చివరికి నలుగురం మిగిలాం. హాళ్లు మూసి ఉన్నప్పుడు ముదీర్ మమ్మల్ని ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ అనే పారిశ్రామికవాడలో ఒక గోడౌన్‌లో కూర్చోబెట్టి, మాకొచ్చిన సంగీతమంతా రికార్డు చేయించాడు. పని దొరికిందని సంబరపడి ప్రాణం పెట్టి వాయించాం. కూర్చున్న కొమ్మనే నరుక్కుంటున్నామని తట్టలేదు.

మొదటి పెళ్లి రోజున వేదిక వెనక గదిలో ముదీర్ మాకు తలా ఒక హోటల్ సబ్బుబిళ్ల ఇచ్చాడు. ఆయనది కరీంనగర్ వైపు.

"పాట స్పీకర్లకెళ్లి వస్తదక్కా. మీరు చెయ్యి ఊపితె చాలు."

"అయితే మేమెందుకండీ? నాలుగు బొమ్మల్ని కూర్చోబెట్టకపోయారా?"

"బయట ఎండ, లోపట ఏసీ. మీ తీగలు ఊకె దిగిపోతయ్. రికార్డు దిగిపోదు గద! కస్టమర్‌కు సూడనీకి మీరు గావాలె, ఇననీకి రికార్డు గావాలె. గంతే."

ఆయన చెప్పింది అబద్ధం కాదు, అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది. తీగలు దిగుతాయి. దిగినప్పుడల్లా సవరించుకుంటాం. వాయించడంలో సగం పని అదే.

నా వీసా ఆయన కంపెనీ మీద ఉంది. ఆయన ఖలాస్ అంటే ఇంటర్నేషనల్ సిటీలో నా గదీ ఖలాస్, నా బతుకూ ఖలాస్. భయం వేసింది, వేయలేదని చెప్పను. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అంటారు. నాకు మొదటిది చేతకాదు, రెండోది ఇష్టం లేదు. సబ్బు బల్ల మీద పెట్టేసి, కమాను తీగను పట్టుకోవడానికి రాసే రోజిన్ బిళ్ల తీసి, ఆయన ఎదురుగానే బాగా రుద్దాను.

"సప్పుడు వచ్చిందో, వీసా క్యాన్సలే అక్కా."

"వస్తుందండి. వయొలిన్ కదా."

వేదిక మీద స్పీకర్లలో మా పాత రికార్డు మోగింది. దానితో పాటు నేను నిజంగానే వాయించాను. ఆ హోరులో నా వయొలిన్ నా గడ్డం కింద మాత్రమే వినబడింది. పక్కన చెల్లో, అదే కాళ్ల మధ్య నిలబెట్టుకునే పెద్ద వయొలిన్, వాయించే ఈజిప్టు ముసలాయన సబ్బు రాసుకుని ఊరికే చెయ్యి ఆడిస్తున్నాడు. ఆయన కళ్లు మాత్రం నా కమాను మీదే ఉన్నాయి.

భోజనాల వేళ గదిలోకి రాగానే, వచ్చీరాని హిందీలో, సబ్బు అంటని నా రెండో కమాను అడిగాడు. చెల్లోకు వయొలిన్ కమాను చాలదు, అండాలో పప్పును చెంచాతో కలిపినట్టుంటుంది. అయినా ఇచ్చాను. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆయన స్వరం చెక్కవేదిక లోంచి నా కాళ్లకు తగిలింది. ఏడుపొచ్చింది.

అంతా అయ్యాక ముదీర్ నవ్వుతూ వచ్చాడు.

"మీ సప్పుడు ఒక్కలకన్న ఇనబడలే. ఎవలకోసం వాయించినవక్కా? గిదానికోసం వీసా పోగొట్టుకుంటవా?"

"నేను విన్నానండి. ఆ కమాను ఇచ్చింది కూడా నేనే. ముసలాయన జోలికి వెళ్లకండి."

"సరె. ఆయన్ని ఇడిసిపెడ్త. నువ్వు రేపు ఆఫీసుకొచ్చి క్యాన్సల్ కాయితం మీద సంతకం వెట్టు."

మర్నాడు వయొలిన్ పట్టుకునే వెళ్లాను. కాగితం నా ముందుకు జరిపాడు. నేను దాన్ని ముట్టుకోకుండా పెట్టె తెరిచి, తీగలు సవరించుకుని, ఆయన బల్ల ఎదురుగా నిలబడి ఒక పాట మొదలునుంచి చివరిదాకా వాయించాను. మధ్యలో ఒక తీగ దిగింది. ఆగి, సవరించి, మళ్లీ అందుకున్నాను. ఆయన ఫోన్ మోగితే కట్ చేశాడు.

పాట అయ్యాక, సంతకం పెట్టడానికి పెన్ను అడిగాను.