బావ రాసిన సంజాయిషీ

మా బావ లిఫ్టు మెకానిక్కు. ఇరవై రెండేళ్లుగా ఒకటే ఆఫీసు భవనం, ఏడంతస్తులు, ఒకటే లిఫ్టు. మా అక్క అలకలకంటే దాని అలకలే ఆయనకు బాగా తెలుసని ఇంట్లో ఏడిపిస్తుంటాం. ఆ మనిషి మొన్న గురువారం మధ్యాహ్నం మా ఇంటికొచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, వంటగదికీ వీధి గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు.

"కూర్చో బావా, నాకు కళ్లు తిరుగుతున్నాయి," అన్నాను. నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. నాలుగింటికల్లా మేనేజరుకు ఇవ్వాల్సిన సంజాయిషీ.

మంగళవారం ఐదో అంతస్తులో లిఫ్టు బెత్తెడు కిందకు ఆగింది. ఊడ్చే ఆవిడ బకెట్టుతో బయటకు అడుగేసి, గడప తట్టుకుని పడి, చీలమండ విరగ్గొట్టుకుంది. చూసుకోకుండా నడిచింది, తప్పు ఆవిడదేనని ఆఫీసువాళ్లు అప్పుడే అనేస్తున్నారు. అలా తేలితే ఆవిడ ఉద్యోగం ఊడినట్టే. లిఫ్టుదని తేలితే బావది.

పత్రికాఫీసులో వార్తలు దిద్ది దిద్ది నాకు కాస్త చాదస్తం అబ్బింది. కాగితం చూడగానే ఒళ్లు మండింది. "సోమవారం తొమ్మిదింటికి వస్తాను. మోటారు గది తెరిచాను. నూనె వేస్తుంటాను."

"ఇదేం రాత బావా? మొన్న సోమవారం సంగతా, ప్రతి సోమవారం సంగతా?"

"మొన్నటిదే."

"అయితే జరిగింది జరిగినట్టు రాయి."

కూర్చున్నాడు, లేచాడు, చివరికి కిటికీ గట్టు మీద కాగితం పెట్టి నిలబడే దిద్దాడు. వచ్చాను. తెరిచాను. నూనె వేశాను. అన్నీ దారిలో పడ్డాయి, ఒక్కటి తప్ప: "ప్రతి అంతస్తులోనూ లిఫ్టు నేలకు సమంగా ఆగుతోందో లేదో స్కేలు పెట్టి చూస్తాను."

"ఇదొకటి మిగిలింది. 'చూశాను' చేసేస్తున్నా," అని కలం అందుకున్నాను.

"ఉండు."

"ఏం?"

బావ నా వైపు చూడలేదు. "పొద్దున్నే తనిఖీ కార్డు మీద అంతస్తుకొకటి చొప్పున ఏడు టిక్కులూ ఒకేసారి పెట్టేస్తాం. మా వాళ్లందరిదీ అదే అలవాటు. తర్వాత ఒక్కో అంతస్తూ చూసుకుంటూ పోతాం. ఆ రోజు నాలుగు దాకా చూశాను. ఈలోగా నీళ్ల పంపు ఆగిందని కిందకు పిలిచారు. మళ్లీ పైకి వెళ్లలేదు."

అక్క గుర్తొచ్చింది. "ఎవరికి తెలుస్తుంది బావా? టిక్కు ఉందిగా. 'చూస్తాను' అనే వదిలెయ్. అది అబద్ధం కూడా కాదు," అన్నాను. అంతసేపూ ఆయన్ని దబాయించినవాణ్ణి, ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

"రెండ్రోజుల్నుంచీ నేనూ అదే అనుకుంటున్నా," అన్నాడు. కలం లాక్కుని ఆ వాక్యం కొట్టేసి, కింద రాశాడు: "ఐదో అంతస్తులో చూడలేదు. టిక్కు మాత్రం పెట్టాను."

"ఇలా ఇవ్వు, సాపు రాసిపెడతాను," అన్నాను.

"వద్దురా. నీ చేతికిస్తే బాగా రాసేస్తావు," అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చెప్పులేసుకున్నాడు.