నోట్లో కుక్కిన లడ్డూ

శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర ఒక కార్గో ఆఫీసులో పనిచేస్తాను. నిరుడు బరువు తగ్గడానికి కడుపును చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకున్నాను. నెల రోజులు విశ్రాంతి తీసుకోవాలనీ, పలచటివి తాగాలే తప్ప ఏదీ నమలకూడదనీ డాక్టరు గట్టిగా చెప్పారు. రెండో వారానికే మా సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు.

"సన్నగ అయ్యేటందుకు గిన్ని రోజుల సెలవేంది చెల్లె? ఇదేమన్న రోగమా? రేపు డ్యూటీకి రా."

ఉద్యోగం పోతుందన్న భయంతో వెళ్లాను.

ఎవరు సెలవు నుంచి తిరిగొచ్చినా నోరు తీపి చేయడం మా ఆఫీసులో అలవాటు. గుట్కా నలిపిన వేళ్లతోనే ఆయన లడ్డూ తీశాడు.

"వద్దన్నా, డాక్టరు నమలొద్దన్నడు" అన్నాను.

"ఒక్క లడ్డుకు ఏంగాదు, తిను" అంటూ నోట్లో కుక్కేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ముద్ద గుండెల దగ్గరే ఆగిపోయింది. నోటినిండా జిగురు నీళ్లు ఊరాయి. పక్కకు తిరిగేలోపే ఆయన చొక్కా మీద కక్కేశాను.

"ఛీ ఛీ! నాకు కడుపుల దేవుతున్నది" అంటూ ఆయన అప్పటికప్పుడు ఇంటికి వెళ్లిపోయాడు. నేను మాత్రం నొప్పితో మెలికలు తిరుగుతూ సాయంత్రం దాకా డ్యూటీ చేశాను.

ఇప్పటికీ లడ్డూ చూస్తే ఆ వేళ్లే గుర్తొచ్చి ఒళ్లు జలదరిస్తుంది. కోయించుకున్న నా కడుపుకు దొరకని సెలవు, ఆయన మాసిన చొక్కాకు దొరికింది.