ఊరందరి తప్పులూ ఆయనవే

మోత్కూరు దగ్గర నేను పంచాయతీ కార్యదర్శిగా పనిచేసిన ఊరి సర్పంచ్ సోమనర్సయ్యకు ఒకటే జబ్బు. లోకంలో ఎక్కడ ఏ తప్పు జరిగినా అది తనదేనంటాడు. వాన పడకపోతే తప్పు తనది. పడితే, ఎక్కువ పడినందుకు తనది. క్రికెట్‌లో మన దేశం ఓడిపోయిన మర్నాడు చాయ్ హోటల్ ముందునుంచి తల దించుకుని వెళ్లేవాడు.

నేను చేరిన మొదటి రోజే గుర్వమ్మ అనే ముసలామె ఆఫీసుకొచ్చి, తన కోడి గుడ్లు పెట్టడం మానేసిందని గోల మొదలుపెట్టింది. ఇది పంచాయతీ పరిధిలోకి రాదని నేను చెప్పబోయాను. సోమనర్సయ్య అప్పటికే లేచి నిలబడ్డాడు.

"తప్పు నాదేనవ్వ."

"నువ్వేం జేసినవ్ బిడ్డా?"

"మొన్న మైకు పెట్టించి లొల్లి లొల్లి చేస్తిని గద. కోడి బెదిరినట్టుంది."

తిట్టడానికి వచ్చిన గుర్వమ్మ అరగంట సేపు ఆయన్ని ఓదార్చి వెళ్లింది.

ఈ గుణం వల్ల బాగా నష్టపోయినవాడు గోపయ్య. ఎన్నికల్లో సోమనర్సయ్య చేతిలో ఓడినప్పటి నుంచి ఆయన తప్పులు పట్టడమే పనిగా పెట్టుకున్నాడు. ప్రతి గ్రామసభకూ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, గొంతు సవరించుకుని మొదలుపెట్టేవాడు.

"మోరీల్ల మురుగు తీయించలే."

"తీయించలే. తప్పు నాదే."

"మూడు స్తంభాలకు కరెంటు బుగ్గలు ఎలుగుతలేవు."

"నాలుగు ఎలుగుతలేవు గోపయ్యా. బడికాడిది మర్చిపోయినవ్."

ఇక గోపయ్య ఏం చేస్తాడు? కూర్చునేవాడు. మర్నాడు పొద్దున్నే సర్పంచ్ లుంగీ ఎగ్గట్టి, పార పట్టుకుని మోరీలో కనిపించేవాడు. నాకు ఒళ్లు మండేది. నాయకుడన్నాక కాస్త హుందాగా ఉండాలని ఒకసారి గట్టిగానే చెప్పాను.

"లేకపోవుడు నా తప్పే సారు," అన్నాడు మోరీలోంచి.

అలాంటి మనిషి వల్ల ఊరికి ఒరిగేదేమిటో నాకు యాసంగి కోతలప్పుడు తెలిసింది. నీళ్ల ట్యాంకు కిందే ఊరి కల్లం. వడ్లన్నీ అక్కడే ఆరబోశారు. ట్యాంకు చూసే యాదయ్య ఆ పొద్దున మోటరు వేసి, ఆపడం మరిచిపోయాడు. ట్యాంకు నిండి పొర్లి, కల్లమంతా మడుగైంది. పంచాయతీ ఆఫీసులో గోపయ్య ఫిర్యాదులు వింటున్న మేమంతా పరుగెత్తాం.

తడిసిన వడ్లు మొలకెత్తితే ఎవరూ కొనరు. అందరి కడుపులూ మండిపోతున్నాయి. యాదయ్య తల వంచుకుని నిలబడ్డాడు. ఆ కొలువు పోతే అతని ఇంట్లో పొయ్యి వెలగదు.

"ఈన్ని ఇప్పుడే తీసెయ్యాలె. సారూ, తీర్మానం రాయుండ్రి," అన్నాడు గోపయ్య.

సోమనర్సయ్య నీళ్లలోకి దిగి నడి కల్లంలో నిలబడ్డాడు. "మోటరేసింది నేను. మర్చిపోయింది నేను. తప్పు నాదే."

"పొద్దుగాల్నుంచి నా పక్కనే కూసున్నవ్ గదనే. ఇద్దరం చాయ్ తాగినం," అన్నాడు గోపయ్య.

"చాయ్ తాగుకుంటనే మర్చిపోయిన."

"మోటరు గది తాళంచెయ్యి యాదయ్య కాడుంది."

"నేనే ఇచ్చిన."

"ఎప్పుడిచ్చినవ్?"

"నువ్వు మోరీల గురించి మాట్లాడేటప్పుడు."

గోపయ్యకు చెమటలు పట్టాయి. జనం వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తాడు. "దేవుని మీద ఒట్టేసి చెప్తున్న. ఈ సర్పంచ్ ఏ తప్పూ చెయ్యలే."

కల్లమంతా గొల్లున నవ్వింది. గోపయ్య నోట ఆ మాట వింటామని ఎవరూ కలలో కూడా అనుకోలేదు. సోమనర్సయ్య మాత్రం మెత్తబడలేదు. తీర్మానంలో యాదయ్య పేరుకు బదులు తన పేరు రాయమన్నాడు. సర్పంచ్‌ను తీసేసే అధికారం నాకు లేదన్నాను.

"లేకుంటె అదీ నా తప్పే."

ఇక యాదయ్య తట్టుకోలేకపోయాడు. "ఆగుండ్రి. మోటరేసింది నేను. బిడ్డకు జరమొస్తే ఇంటికాడ కూసున్న. మోటరు యాదికే రాలే."

  గోపయ్య గొంతు సవరించుకున్నాడు.

"వడ్లు కప్పే పరదాలు నా ఇంట్ల ఉన్నయ్. మొన్న వీళ్లడిగితే లెవ్వన్న. కప్పి ఉంటే గిన్ని తడవకపోవు."

గుర్వమ్మ నెమ్మదిగా అంది, "నీళ్లు పారుతాంటే నేను చూసిన. నా వడ్లు కావు గద అని ఊకున్న."

ఆ తర్వాత ఒక్కొక్కరే ముందుకొచ్చి తమ తప్పు చెప్పుకున్నారు. సోమనర్సయ్య ముఖం మాడిపోయింది. "మీరే పంచుకుంటే ఇగ సర్పంచ్ ఎందుకు?" అని సణుక్కుంటూ చీపురు అందుకున్నాడు. వెనకే ఊరంతా కదిలింది. మధ్యాహ్నానికల్లా వడ్లు మళ్లీ ఎండకు పరుచుకున్నాయి.

యాదయ్య కొలువు నిలిచింది. ఎందుకలా చేశారని సోమనర్సయ్యను అడిగాను.

"ఎవని తప్పో తేల్చెటాల్లకు వడ్లు మొలకొస్తయి సారు. నాదంటే పనన్న మొదలైతది."

ఆ రోజు ఆయనకు మనసారా దండం పెట్టాను.

బిడ్డకు నయమయ్యేదాకా ఇంట్లోనే ఉండమని యాదయ్యకు చెప్పి, మోటరు పని సర్పంచే చూసుకున్నాడు. రెండో రోజే ఆపడం నిజంగా మరిచిపోయాడు. అప్పటికి వడ్లు ఎత్తేశారు కాబట్టి నీళ్లు బజారు మాత్రమే కడిగి వెళ్లిపోయాయి. ఆయన రొప్పుతూ వచ్చి, తప్పు తనదేనన్నాడు. ఒక్కరూ నమ్మలేదు.

"గీసారి ఎవర్ని కాపాడుతున్నవ్ బిడ్డా?" అంది గుర్వమ్మ.

"నిజంగ నాదే అవ్వ. ఒట్టు."

గోపయ్య ఆయన భుజం మీద చెయ్యేశాడు. "ఊకో అన్నా. నేను సాక్ష్యముంట గద."

సోమనర్సయ్య దిక్కు తోచక నా వైపు చూశాడు. తప్పు నిజంగా ఆయనదేనని, మోటరు వేస్తుండగా నేను చూశానని అందరికీ చెప్పాను.

"సర్పంచ్ నేర్పిచ్చిండు, పాపం సారు చెప్తున్నడు," అని నవ్వుకుంటూ ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు.