సగం మాట

మన టీచర్లకు ఒక జబ్బుంది. సగం మాట తామే అనేసి, మిగతా సగం పిల్లల చేత అనిపించి, పాఠం వచ్చేసిందని మురిసిపోతారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే నాకు ఆ జబ్బంటే ఒళ్లుమంట.

అమీర్‌పేటలోని మా సెంటర్‌కి వచ్చే ఒకమ్మాయికి పందొమ్మిదేళ్లు. ఏదైనా నేర్చుకోవడం నెమ్మది. వాళ్లమ్మకు మధురానగర్‌లో లేడీస్ టైలరింగ్ షాపు ఉంది. కూతురు కౌంటర్‌లో నిలబడాలంటే వచ్చినవాళ్లని మూడే అడగాలి: ఆది జాకెట్టు తెచ్చారా, లైనింగ్ వేయాలా, ఎప్పటికి కావాలి. దసరా గిరాకీ మొదలయ్యేలోపు ఇవి రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని, పిల్ల ఎప్పట్లాగే లోపల హుక్కులు కుట్టుకుంటుందని తల్లి తేల్చి చెప్పింది.

"అన్నీ వస్తయి మేడం, చూడుండ్రి," అని కూతురి వైపు తిరిగి, "లై...?" అంది.

"నింగ్!" అంది పిల్ల.

"ఇది మీకొచ్చినట్టమ్మా, తనకి కాదు," అన్నాను.

జ్ఞాపకం మీద జరిగిన పరిశోధనలు చెప్పేదీ అదే. అందించిన మాట నిలవదు, వెతికి తెచ్చుకున్నదే నిలుస్తుంది. మూడూ ఒకేసారి కుక్కకూడదు. ఒకటి కుదిరాకే రెండోది. కాస్త మరిచిపోనిచ్చి మళ్లీ అడగాలి. అన్నిటికన్నా కష్టం, పిల్ల వెతుక్కుంటున్నంతసేపూ పెద్దవాళ్లు నోరు మూసుకోవడం.

"బిడ్డ బిత్తరపోయి చూస్తుంటె నా పాణం ఆగదు మేడం," అనేది తల్లి. ఆపుకోమని కసురుకున్నాను. నా పద్ధతి మీద నాకు అంత గురి.

దసరా దగ్గర పడుతుండగా, పంజాగుట్టలో కొన్న జాకెట్టు గుడ్డ పట్టుకుని నేనే షాపుకి వెళ్లాను. కౌంటర్‌లో పిల్ల ఒక్కతే ఉంది. వెనక మిషన్ దగ్గర తల్లి పెదాలు బిగబట్టి కూర్చుంది.

"ఆది జాకెట్టు తెచ్చిండ్రా?" అంది పిల్ల. ఇచ్చాను.

ఆ తర్వాత మాట లేదు. గుడ్డని తడుముతోంది, ఫ్యాన్ వైపు చూస్తోంది. ఇంతలో నా వెనక ఇంకొకావిడ వచ్చి నిలబడింది. అయ్యో, మరిచిపోయిందే! ఇన్నాళ్ల కష్టం గంగపాలేనా? ఇక ఉండబట్టలేక నోరు తెరిచాను.

పిల్ల చెయ్యెత్తి నన్ను ఆపింది.

"సగం చెప్పకుండ్రి మేడం. జర ఆగుండ్రి. నాకే యాదికొస్తది."

చప్పున నోరు మూసుకున్నాను. 

"లైనింగ్ వెయ్యాల్నా?" అంది. నేను తలూపానో లేదో, "ఎప్పటికి గావాలె?" అనేసింది.

నా వెనకావిడకి ఓపిక అయిపోయినట్టుంది. కౌంటర్ మీదుగా మెడ చాచి, "ఏంటండీ, నాది కూడా కాస్త చూడండి," అని తల్లిని కేకేసింది.

తల్లి మిషన్ మీంచి తల కూడా ఎత్తలేదు.

"కౌంటర్ల మా బిడ్డ ఉన్నది గదా. ఆమెకే చెప్పుండ్రి."