జెనోవా దీపస్తంభానికి నేతి ఒత్తి

పోయిన దసరాకి అమెరికాలో, ఇర్వింగ్‌లోని మా అపార్ట్‌మెంట్‌లో బొమ్మల కొలువు పెట్టాను. ఐదో క్లాసు చదివే మా సహస్ర స్కూల్ ప్రాజెక్ట్ కోసం ఇటలీలోని జెనోవా రేవును అట్టముక్కలతో కట్టింది. పాత చర్చి, కోట గుమ్మం, వాటి పక్కన ఎత్తయిన దీపస్తంభం. మర్నాడే సబ్మిట్ చేయాలి. ఇల్లంతా పేరంటాళ్లు. చోటు లేక దాన్ని కొలువు పైమెట్టు మీద, వినాయకుడి పక్కన పెట్టేశాను.

వంటింట్లో శనగలకి తాలింపు వేస్తుంటే పక్క ఫ్లాట్ సుభద్రమ్మగారి గొంతు వినిపించింది. "ఇదేంటమ్మా, దీపస్తంభం పెట్టి దీపం వెలిగించలేదూ?"

నేను వచ్చేసరికే ఆవిడ నేతి ఒత్తి వెలిగించి స్తంభం పైన పెట్టేశారు.

"మామ్! నా లైట్‌హౌస్!" అని సహస్ర కేక పెట్టింది.

అట్ట భగ్గుమంది. నేను చెంబుడు నీళ్లు కుమ్మరించి ఆర్పాను గానీ, అప్పటికే అలారం మోగి బిల్డింగ్ మొత్తం ఖాళీ అయింది. పట్టుచీరల్లో, చేతుల్లో తాంబూలాలతో పార్కింగ్‌లో నిలబడ్డాం. ఫైరింజన్ వచ్చింది. లోపలంతా చూసిన ఫైర్‌మ్యాన్ ఒకాయన సగం కాలిన స్తంభాన్ని పసిపాపలా ఎత్తుకొచ్చి సహస్రకి ఇచ్చాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఏడ్చి ఏడ్చి పిల్ల దాన్నే స్కూల్‌కి తీసుకెళ్లింది. అసలు దీపస్తంభం కూడా ఒకప్పుడు యుద్ధంలో దెబ్బతింటే మళ్లీ కట్టారట. ఇది ఆ యుద్ధం నాటి మోడల్ అని చెప్పి ఏ ప్లస్ కొట్టేసింది!

ఆ సంగతి చెబితే సుభద్రమ్మగారు, "నేను వెలిగించబట్టే కదమ్మా!" అన్నారు.

ఈ దసరాకీ ఆవిడని పిలుస్తాను. అగ్గిపెట్టె మాత్రం నా కొంగున ముడేసుకుంటాను.